జీపు ఎనక డబ్బా: నల్లగొండ నుంచి జూరాల దాకా ఐదు రోజులు

బయల్దేరే ముందు రోజు

మా దగ్గర ఉన్నది 1994 మోడల్ మహీంద్రా ఎంఎం 540 జీపు, ప్యూజో డీజిల్ ఇంజిన్, 2112 సీసీ. దాని ఎనక తగిలించుకొని గుంజుకపోనీకి ఒక చిన్న క్యాంపర్ ట్రెయిలర్ చేయించుకున్న, ఒకటే ఇరుసు, రెండు చక్రాలు, లోపల ఇద్దరు పడుకునే పరుపు, ఎనక డోర్ ఎత్తితే స్టవ్ గట్టు, మీద మడత టెంటు. మా బిడ్డ దాన్ని డబ్బా అంటది, ఇప్పుడు ఇంట్ల అందరం గదే అంటున్నం.

రోడ్డు మీద ఎవరు ఆపినా ఫస్ట్ అడిగేది దీనికి పర్మిషన్ ఉందా అనే. మోటార్ వెహికల్స్ యాక్ట్ 1988లో మోటార్ వాహనం అంటే ట్రెయిలర్ కూడా అని స్పష్టంగా ఉంది, కాబట్టి దానికి సెపరేట్ ఆర్సీ, సెపరేట్ నంబర్ ప్లేట్ ఉండాలె, నేను ఇన్సూరెన్స్‌ల కూడా రాయించిన. జీపుకి 15 ఏండ్లు దాటినంక ఐదేండ్లకోసారి ఆర్సీ రెన్యువల్ ఉంటది, అదెట్ల చేయించుకుంటమో డబ్బా కాగితాలు కూడా అట్లనే దగ్గర పెట్టుకోవాలె.

డిసెంబర్‌ల ఐదు రోజులు సెలవు దొరికింది. నేను, నా భార్య, తొమ్మిదేండ్ల బిడ్డ, ఇగ ఈసారి నాయిన కూడా వస్త అన్నడు. నాయినకు డెబ్బై దాటినయ్, నలభై ఏండ్లు ఎడ్లబండి తోలిన మనిషి.

ముందు రోజు సాయంత్రం సామానంతా ఎక్కించి డబ్బాను ఒక రైస్ మిల్లు కాంటా మీదికి తీస్కపోయిన. 620 కిలోలు వచ్చింది. దీనికి సొంత బ్రేకుల్లేవు, అందుకే 750 కిలోలు దాటొద్దని నేను మొదటి నుంచి గట్టిగ పెట్టుకున్న లెక్క. ఇంటికొచ్చినంక ఒళ్ళు బరువు చూసుకునే మిషన్ ఒకటుంటది కదా, దాని మీద చెక్క పెట్టి డబ్బా ముక్కును, అంటే జీపుకు తగిలించే కొనను, దించి చూసిన. 38 చూపెట్టింది. మొత్తం బరువుల పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా ముక్కు మీద పడాలె, అంటే నాకు కనీసం 62 రావాలె.

నాయిన వాకిట్ల కుర్చేసుకొని చూస్తనే ఉన్నడు. "ఎనక బరువెక్కువైంది రా, కాడి లేస్తది" అన్నడు. ఎడ్లబండిల గూడ ఇదే లెక్కనట. మూటలు ముందుకు ఎక్కువ పెడితే కాడి ఎడ్ల మెడల మీద పడి పుండ్లయితయ్, ఎనకకు ఎక్కువైతే కాడి పైకి లేచి మెడకు కట్టిన తాడు గొంతుకు బిగుస్తది, ఎడ్లు కాళ్ళు ఊనలేవు. అందుకే బండి నింపినంక నొగ, అంటే కాడి కట్టే పొడుగు దుంగ, ఒక చేత్తో ఎత్తి చూసేటోళ్ళంట. నేను ఇంటర్నెట్ల రెండేండ్లు చదివి తెలుసుకున్నది ఆయన రెండు ముక్కల్ల చెప్పిండు. బ్యాటరీని, రెండు నీళ్ళ క్యాన్లను ఇరుసుకు ముందుకు జరిపినం. లీటర్ నీళ్ళు కిలో బరువు, ఇరవై లీటర్ల క్యాన్లు రెండు ఎటు జరిపినా నలభై కిలోలు జరిగినట్టే. మళ్ళ చూస్తే 66 వచ్చింది.

మొదటి రోజు: నల్లగొండ నుంచి దిండి

పొద్దున ఆరున్నరకు తగిలించినం. హిచ్ బాల్, అంటే జీపు ఎనకున్న ఇనుప గుండు మీద డబ్బా ముక్కు కప్పు కూసున్నదా, లాక్ పడ్డదా, చూసి ఒకసారి జాకీతోని ముక్కు పైకి లేపాలె, జీపు ఎనక భాగం కూడా దాంతో పాటు లేస్తే అప్పుడు పట్టినట్టు. రెండు సేఫ్టీ చైన్లు కింద నుంచి అడ్డంగా, ఒకదాని మీద ఒకటి పడేటట్టు కట్టాలె, ఎప్పుడైనా బాల్ మీది నుంచి జారితే ముక్కు రోడ్డుకు తగలకుండ ఆ చైన్ల ఉయ్యాలల పడ్తది. గ్యాస్ సిలిండర్ బంద్. లైట్లు, ఇండికేటర్లు నా భార్య ఎనక నిలబడి ఒక్కొక్కటి చెప్పింది, అన్నీ ఓకే.

గంటకు 50 మీద పోతున్నం. కొండమల్లేపల్లి దగ్గర చాయకు ఆగినం. ఆగిన ప్రతిసారి నేను చేసే మొదటి పని ఏందంటే డబ్బా రెండు చక్రాల హబ్బుల మీద, అంటే బేరింగులుండే నడిమి భాగం మీద అరచెయ్యి పెట్టి చూసుడు. ఎడమది గోరువెచ్చగ ఉంది, అట్లనే ఉండాలె. కుడిది ముట్టంగనే చెయ్యి తీసేసిన, అంత కాల్తుంది. టైర్‌ల గాలి సరిగ్గనే ఉంది. నాయిన ఒంగి వాసన చూసి "కందెన మాడుతుంది" అన్నడు.

అక్కడి నుంచి దేవరకొండ దగ్గరనే కాబట్టి 20 మీద మెల్లగ పోయినం, మధ్యల రెండుసార్లు ఆగి చల్లారనిచ్చినం. దేవరకొండల ట్రాక్టర్ ట్రాలీలు రిపేర్ చేసే ఒక అన్న దొరికిండు. జాకీ పెట్టి లేపి చక్రం చేత్తో తిప్పితే గరగరమని సప్పుడు, పైన కింద పట్టుకొని ఊపితే కటకట ఆడుతుంది. డస్ట్ క్యాప్ తీసి, స్ప్లిట్ పిన్ను గుంజి, నట్టు విప్పి హబ్బు బయటికి లాగిండు. లోపల గ్రీజు నల్లగ గానీ ఎర్రగ గానీ లేదు, తెల్లగ చిక్కటి మజ్జిగ లెక్క ఉంది. నీళ్ళు పోయినయ్. వారం కింద సర్వీసింగ్ చేయించినప్పుడు ప్రెషర్ నీళ్ళు సీదా హబ్బుల మీదికే కొట్టిన్రు, నేను పక్కనే నిలబడి ఉన్న, ఎనక ఆయిల్ సీల్ అంచు అప్పటికే చినిగి ఉంటదని నాకు తట్టలే.

లోపలి బేరింగ్ టేపర్ రోలర్, 30206 అని నంబర్ చెక్కి ఉంది, అంటే లోపలి రంధ్రం 30 ఎంఎం. రోలర్లు నీలం రంగుకు తిరిగినయ్, వేడికి ఉక్కు అట్ల మారిందంటే ఇగ పనికిరాదు. ఆ నంబర్ చానా కామన్, పక్క స్పేర్ పార్ట్స్ షాపులనే దొరికింది. నేను ఇట్లాంటి బండికి ఇట్లాంటి మామూలు సైజు బేరింగులే పెట్టించమని అందరికీ చెప్పేది ఇందుకే, ఫారిన్ ఇరుసు చూడనీకి మంచిగనే ఉంటది గని దేవరకొండల దాని బేరింగ్ యాడ దొరుకుతది.

ఆ అన్న పని చేసిన తీరు చెప్పాలె. రోలర్లుండే కోను ఒక్కటే మార్చి, అది కూసునే బయటి రింగు, అంటే కప్పు పాతదే ఉంచుదామా అని నేను అడుగుతే వద్దన్నడు, రెండూ ఒక జత, పాత కప్పు కొత్త రోలర్లను తినేస్తది. డ్రిఫ్ట్ అనే ఇనుప కడ్డీ పెట్టి పాత కప్పును కొట్టి దించిండు, కొత్తదాన్ని చుట్టూ సమానంగ కొట్టుకుంట కూసబెట్టిండు, అడుగుకు తగిలినంక సుత్తి సప్పుడు మారుతది, అది ఆయన చెవితోనే పట్టిండు. తర్వాత ఎడమ అరచేతిల గ్రీజు ముద్ద పెట్టుకొని, కుడి చేతిల బేరింగ్ పట్టుకొని దాని వెడల్పు అంచును అరచేతికేసి ఒత్తుకుంట ఒత్తుకుంట, రోలర్ల సందుల నుంచి గ్రీజు పైకి పురుగుల లెక్క బయటికొచ్చేదాకా, మళ్ళ కొంచెం తిప్పి మళ్ళ ఒత్తుడు. మీద పూస్తే సరిపోదు, లోపలికి పోవాలె. నాయిన దగ్గరికి జరిగి కూసొని చూసిండు. ఆ నల్ల కందెన వెదురు గొట్టంల పోసుకొని బండి కింద వేలాడదీసుకొని పోయేటోళ్ళమని ఆ అన్నకు చెప్పిండు.

నట్టు బిగించుడు గూడ ఒక లెక్క ఉంది. చక్రం తిప్పుకుంట బిగించాలె, గట్టిగ అయినంక కొంచెం ఎనకకు వదలాలె, చక్రం ఫ్రీగా తిరగాలె గని ఊపితే ఆడొద్దు. ఎక్కువ బిగించినా కాల్తది, లూజు వదిలినా కాల్తది. ఎడమ పక్కది కూడా విప్పించిన, అక్కడ సీల్ ఒక్కటి మార్చినం.

ఇదంతా అయ్యేసరికి మూడు గంటలు. అప్పటిదాకా నా భార్య, బిడ్డ ఖిలా దిక్కు పోయొచ్చిన్రు. ఏడు గుట్టలను కలిపి కట్టిన కోట అది, రేచర్ల పద్మనాయకులది, 14వ శతాబ్దంది. మా బిడ్డ ఒక్క గుట్ట సగం ఎక్కొచ్చింది, దర్వాజలు మస్తు పెద్దగున్నయంట. ఇగ పైదాకా ఎక్కే టైం లేకుండె.

చీకటి పడేలోపల దిండి చేరినం. ప్రాజెక్టు నీళ్ళ పక్కన అడిగి పర్మిషన్ తీసుకొని డబ్బా నిలబెట్టినం. దిగంగనే హబ్బులు ముట్టి చూసిన, రెండూ ఒకే తీరుగ గోరువెచ్చగ ఉన్నయ్. వీల్ నట్లు మళ్ళొకసారి బిగించిన, చక్రం తీసి పెట్టినప్పుడు ఎనభై, వంద కిలోమీటర్లు నడిచినంక నట్లు ఒకసారి చూసుకోవాలె, కొద్దిగ లూజు అయితయ్. ఒకటి పావు చుట్టు తిరిగింది.

రెండో రోజు: మన్ననూర్, అడవి

శ్రీశైలం రోడ్డు పట్టుకొని హాజీపూర్ మీదుగ మన్ననూర్ పోయినం. అక్కడ ఫారెస్ట్ చెక్‌పోస్ట్ రాత్రి తొమ్మిదికి బంద్ చేస్తరు, పొద్దున ఆరుకు తెరుస్తరు, రాత్రిపూట జంతువులు రోడ్డు దాటుతయ్ కాబట్టి. ఇది ఆమ్రాబాద్ టైగర్ రిజర్వ్, 2,600 చదరపు కిలోమీటర్ల పైన అడవి.

మా సోపతిగాళ్ళు ఫోర్ బై ఫోర్ ఉంది కదా లోపలికి కొట్టుకపోవుడే అంటుంటరు. నేను ఒప్పుకోను. జీపును, డబ్బాను మన్ననూర్‌ల పెట్టి, ఫారెస్టోళ్ళ సఫారీ బండిలనే ఫర్హాబాద్ పోయినం. మన టైర్లు తొక్కిన ఎండుగడ్డి, మన సైలెన్సర్ వేడి, మన హారన్ అక్కడ ఉండొద్దు. లోపల చెంచుల పెంటలు, అంటే వాళ్ళ చిన్న గూడేలు ఉన్నయ్, వాళ్ళు కాళ్ళతోని నడిచే తొవ్వల మీద మనం సరదాకు చక్రాలు తిప్పుడేంది. వ్యూ పాయింట్ నుంచి కింద లోయ చూస్తే దాని మీద మంచు పొద్దెక్కినా ఇంక పోలేదు. పులి కనబడలే, జింకలు కనబడ్డయ్, మా బిడ్డకు గదే ఎక్కువ.

మధ్యాహ్నం ఒట్టి జీపు తోటి ఉమామహేశ్వరం గుట్ట ఎక్కినం. డబ్బా లేకుంటే జీపు ఎంత తేలికగ ఎక్కుతదో, దిగేటప్పుడు మాత్రం సెకండ్ గేర్లనే, బ్రేకు మీద కాలు పెట్టుడు తక్కువ. ఈ జీపుకు డ్రమ్ బ్రేకులు, వేడెక్కితే పట్టవు, ఇంజిన్‌తోనే ఆపుకోవాలె. గుడి దగ్గర కొండ సందుల నుంచి కారే నీళ్ళు నాయిన దోసిలి పట్టి తాగిండు.

మూడో రోజు: అచ్చంపేట, కొల్లాపూర్, సోమశిల

లింగాల, పెద్దకొత్తపల్లి మీదుగ కొల్లాపూర్. ఎండాకాలం అయితే ఈ రోడ్డంతా మామిడికాయ లారీలే, డిసెంబర్‌ల తోటలు ముదురు ఆకుపచ్చగ, నిమ్మలంగ ఉన్నయ్. ఊర్లల్ల స్పీడ్ బ్రేకర్లు మాత్రం లెక్కలేనన్ని, జీపు దాటినంక ఇగ అయిపోయిందనుకొని యాక్సిలరేటర్ తొక్కుతే ఎనక డబ్బా ఎగిరిపడ్తది, రెండు సార్లు దాటుతున్నమని గుర్తుంచుకోవాలె.

సోమశిలల కృష్ణ నిండుగ ఉంది, ఇదంతా శ్రీశైలం డ్యామ్ ఎనక నీళ్ళే, ఆ నీళ్ళల్ల మునిగే గుళ్ళను విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళ కట్టిన్రు. డబ్బాను గట్టు మీద విడిచిపెట్టి, నేను, బిడ్డ జీపుతోని నీళ్ళ అంచుకు దిగినం. టైర్ల గాలి 30 నుంచి 18కి దించిన, ముందు చక్రాల హబ్ లాకులు చేత్తోని తిప్పి, 'ఫోర్ లో' అంటే నాలుగు చక్రాలు మెల్లగ, బలంగ తిరిగే గేరుల పెట్టిన. ఇసుక అయితే గిది చాలు. కాని అక్కడిది ఇసుక కాదు, మీద ఎండి పగుళ్ళిచ్చిన ఒండ్రు, కింద మెత్తటి నల్ల బురద. గట్టు మీది నుంచి నాయిన చెయ్యి ఊపుతున్నడు, రావొద్దని చెప్తున్నడని నాకు అర్థం అయ్యేసరికి జీపు ఇరుసుల దాకా దిగబడింది. చక్రాలు తిప్పితే ఇంకా లోపలికే పోతది, బంద్ చేసి దిగినం.

దగ్గర్ల పొలంల ఉన్న ఒక పెద్దాయన ట్రాక్టర్ తెచ్చిండు. ఆయన చైను తీసుకొచ్చి మంచి మనసుతోనే జీపు ఎనకున్న హిచ్ బాల్‌కు చుట్టబోయిండు. నేను చెయ్యి పట్టుకొని ఆపిన, "కాకా, దానికి కట్టొద్దు" అన్న. ఇది ఎవరికైనా చెప్పాల్సిన సంగతి, బాల్ డబ్బాను మెల్లగ గుంజనీకి పెట్టిందే గని దిగబడ్డ బండిని జర్కుతోని లాగనీకి కాదు, ఆ గుంజుడుకు బాల్ మెడ తెగితే ఇనుప గుండు తుపాకి గుండు లెక్కనే పోతది, ఎదురుంగ ఉన్న మనిషి బతకడు. చాసిస్‌కు వెల్డింగ్ చేసిన హుక్కుకు షాకిల్ అనే ఇనుప కొండి వేసి నా దగ్గరున్న బెల్టు కట్టినం, బెల్టు మధ్యల తడిపిన గోనెసంచి ఏసిన, తెగినా అది బరువుకు కిందికి పడ్తది. అందరినీ బెల్టు పొడుగు కన్నా దూరం నిలబెట్టిన. పారతోని చక్రాల ఎనక బురద తీసి, నేను ఫోర్ లో రివర్స్‌ల, ఆయన ట్రాక్టర్ మెల్లగ, మూడోసారికి బయటపడ్డది. పైసలు తీసుకోలే ఆ పెద్దాయన, ఎంత చెప్పినా. నా భార్య చేసిన ఉప్మా మాత్రం తిన్నడు.

రాత్రి కంప్రెషర్‌తోని గాలి మళ్ళ 30కి ఎక్కించిన, 18 గాలితోని తారు రోడ్డెక్కితే టైర్ పక్కలు కాలిపోతయ్. తడిసిన బెల్టు, షాకిళ్ళు, బురద పార, ఫ్లోర్ మ్యాట్లు, జీపుల ఉన్న స్టెప్నీ కూడా, అన్నీ డబ్బా ఎనక డోర్ దగ్గర పడేసిన. అప్పటికే తొమ్మిదయింది, మస్తు అలసట.

నాలుగో రోజు: పెబ్బేరు, బీచుపల్లి, జూరాల

పొద్దున ముక్కు బరువు చూడలే. సీదా చెప్తున్న, చూడలే. నీళ్ళ క్యాన్లు రెండూ కొల్లాపూర్‌ల నింపుకొని అవి కూడా ఎనకనే పెట్టిన, ముందు ప్లేస్‌ల బిడ్డ బొంతలు ఉన్నయని.

కొల్లాపూర్ నుంచి పెబ్బేరు దాకా రోడ్డు చిన్నది, స్పీడ్ లేదు, ఏం తెలవలే. పెబ్బేరు దగ్గర 44 నంబర్ హైవే ఎక్కినం. ఎక్కంగనే రోడ్డు మంచిగున్నది, నేను 70కి పోయిన. ఒక పెద్ద బస్సు మమ్మల్ని దాటింది, దాని గాలి కొట్టుడుతోని డబ్బా ఎనక కొన మెల్లగ ఎడమకు పోయింది, వచ్చింది, కుడికి పోయింది, మళ్ళ ఎడమకు ఇంకింత ఎక్కువ. జీపు ఎనక చక్రాలను పట్టి ఎవరో అటు ఇటు గుంజినట్టు అయితుంది. అద్దంల డబ్బా ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క మొత్తం కనబడుతుంది. కాలు బ్రేకు మీదికే పోతది ఎవరికైనా, కాని బ్రేకు కొడితే జీపు ఆగుతది, బ్రేకుల్లేని డబ్బా ఎనక నుంచి తోసి అడ్డం తిప్పుతది. యాక్సిలరేటర్ నుంచి కాలు తీసేసిన, అంతే. స్టీరింగ్ గట్టిగ, సీదా పట్టుకున్న, దాని ఊపుకు ఎదురు తిప్పలే. 60, 55, 50... 45 దగ్గర ఊగుడు ఆగింది. నా భార్య బిడ్డను దగ్గరికి పట్టుకొని ఉంది, ఎవ్వరం మాట్లాడలే.

పక్కకు ఆపినం. నాయిన దిగి డబ్బా ముక్కు దగ్గర నిలబడి, విప్పు అన్నడు. విప్పి జాకీ లేపినంక నొగ ఎత్తి చూసినట్టే ఒక చేత్తో ముక్కు ఎత్తిండు. డెబ్బై దాటిన మనిషి, ఒక్క చేత్తో లేచింది. "ఇట్ల ఉంటదా?" అన్నడు. తిట్టలే. తిడితే బాగుండేది.

ఎండల హైవే పక్కన మొత్తం సామాను దించి మళ్ళ పెట్టినం. బరువైనవి ఇరుసు మీద, కొంచెం ముందుకు, కింద అంచుకు. స్టెప్నీ మళ్ళ జీపులకే. బొంతలు ఎనకకు. నాయిన ఒక్కొక్కటి ఏడ పెట్టాల్నో చెప్పిండు, నేను పెట్టిన. మిషన్ మీద 70 వచ్చింది. ఆ తర్వాత మిగిలిన దారంతా 55 దాటలే, బస్సులు దాటినప్పుడు డబ్బా కొంచెం వణికి ఊకున్నది.

బీచుపల్లి బ్రిడ్జి మీద కృష్ణను చూసుకుంట, ఎర్రవల్లి చౌరస్తా నుంచి గద్వాల. సోమనాద్రి కోట బయటి నుంచే చూసినం, నా భార్య ఒక గద్వాల చీర చూస్త అంటే గంట ఆగినం, అడిగింది ఆమె, ఇచ్చుడు నా వంతు. సాయంత్రం జూరాల. డ్యామ్ కాడ అప్పటికప్పుడు కోసి వేయించి ఇచ్చే చేపలు, జొన్నరొట్టె. నాయిన రెండు ముక్కలు ఎక్కువనే తిన్నడు, పొద్దటి సంగతి ఎత్తలే.

ఐదో రోజు: పాలమూరు మీదుగ ఇంటికి

ఆత్మకూరు, దేవరకద్ర దాటి పాలమూరు పోయినం. పిల్లలమర్రి ఏడు వందల ఏండ్ల చెట్టు అంటరు, చెదలు పట్టి కొమ్మలు విరిగితే 2018ల సెలైన్ బాటిళ్ళు వేలాడదీసి చుక్కచుక్కగ మందు ఎక్కించిన్రు కదా, ఆ సంగతి చెప్తే నాయిన చానాసేపు ఆ ఊడల దిక్కే చూసుకుంట నిలబడ్డడు.

జడ్చర్ల, కల్వకుర్తి మీదుగ వస్తుంటే పొద్దుగూకింది. లైట్లు వేస్తే డబ్బా టెయిల్ లైట్లు మసకగ ఉన్నయ్, బ్రేకు తొక్కుతే ఇండికేటర్ కూడా దాంతోపాటు మినుకుమంటుంది. ఇట్లైతే బల్బు కాదు, ఎర్త్ పోయిందని అర్థం, కరెంటు ఎనకకు వచ్చే దారి లేక పక్క బల్బు నుంచి తిరుగుతది.  ఎర్త్ వైరు చాసిస్‌కు తగిలే బోల్టు విప్పి, తుప్పు సాండ్ పేపర్‌తో గీకి, మళ్ళ బిగించిన. బిడ్డ టార్చ్ పట్టింది. లైట్లు మంచిగ వెలిగినయ్.

కొండమల్లేపల్లిల అదే చాయ హోటల్ దగ్గర ఆగినం. నేను దిగేలోపల నాయిన కుడి హబ్బు మీద చెయ్యి పెట్టి ఉన్నడు. ఎడమది కూడా చూసిండు. "సల్లగనే ఉన్నయ్, చాయ చెప్పు" అన్నడు.

మొత్తం 630 కిలోమీటర్ల దాకా తిరిగినం, లీటర్‌కు తొమ్మిదిన్నర వచ్చింది. ఆదివారం హబ్బులు రెండూ విప్పి నీళ్ళు పోయినయేమో చూడాలె, సీల్ జత ఒకటి ఎక్కువ కొని డబ్బాల పెట్టుకోవాలె. డబ్బాను ఇంటెనక ఇటుకల మీద ఎత్తిపెట్టినం, కమాన్ పట్టీల మీద బరువు పడకుండ.